అందరికీ ముందే తెలిసిన ముగింపు

ఎవరూ అడగని కుర్చీ

పత్రికాఫీసులో కొత్తగా చేరేవాళ్ళెవరూ ఆదివారం పేజీ కావాలని అడగరు. మా రోజుల్లోనూ అంతే. అందరికీ రాజకీయాలు కావాలి, కాదంటే నేరవార్తలు కావాలి. కథలు, సీరియల్, పుస్తక సమీక్ష, వంటలు, వారఫలాలు ఉండే ఆ పేజీని మా రిపోర్టర్లు ‘ఆడవాళ్ళ వరండా’ అని వెక్కిరించేవారు. డెబ్బయ్యో దశకం చివర, తిరుపతి ఎడిషన్‌లో నన్ను ఆ వరండాలోకి నెట్టినప్పుడు శిక్ష వేశారనే అనుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు. మధ్యలో రెండుసార్లు పిలిచి వేరే పని ఇస్తామన్నా వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వచ్చిన కథల్లో ఒకటి ఏరాలి. ఒక పుస్తకానికి సమీక్ష రాయాలి. సీరియల్ భాగం సమయానికి వచ్చేలా చూసుకోవాలి. ఆదివారం అనుబంధం శుక్రవారమే అచ్చయ్యేది కాబట్టి గురువారం సాయంత్రానికి పేజీ కట్టేయాలి. మా సీరియల్ రచయిత్రి ఆండాళమ్మ గారిది చంద్రగిరి. అక్కడి బడిలో తెలుగు టీచరు. అత్తవారిది కోవెల కైంకర్యం చేసే వైష్ణవ కుటుంబం. రాసిన భాగాన్ని ఆమె కవర్లో పెట్టి తిరుపతి బస్సు కండక్టరు చేతికిచ్చేవారు. మా అటెండరు బస్టాండులో కాచుకుని అందుకునేవాడు. ఒక్కోసారి ఆ కవరు కండక్టరు టిక్కెట్ల సంచిలోనే ఉండిపోయి, మళ్ళీ చంద్రగిరి దాకా పోయి తిరిగొచ్చేది. అలాంటి గురువారాల్లో నాకు అన్నం సహించేది కాదు.

సీరియల్ పేరు ‘కొండగాలి కబురు’. వసుమతి అనే చదువుకున్న పేదింటి అమ్మాయి ఒక పెద్ద ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి వస్తుంది. ఆ ఇంటి కొడుకు ప్రభాకరానికి తలపొగరు. మొదటి వారం ఆమెను పనిమనిషి అనుకుని చెప్పులు తెమ్మంటాడు. ఇక మీరు చెప్పండి, తర్వాత ఏమవుతుంది?

సరిగ్గా అదే నా బాధ. నాకు సాహిత్యంలో డిగ్రీ ఉంది, చదివిన గర్వం అంతకన్నా ఎక్కువ ఉంది. నా కుర్చీ వెనక గోడకు ఒక చార్టు అంటించాను. పొగరు, గొడవ, జాలి, జ్వరం, అపార్థం, మేనత్త కుట్ర, క్షమాపణ, పెళ్ళి. ఒక్కోదానికి ఒక గడి. ప్రతి గురువారం కవరు రాగానే చదివి, ఎర్ర పెన్సిలుతో ఆ గడిలో టిక్కు పెట్టేవాణ్ణి. సబ్ఎడిటర్లంతా చుట్టూ చేరి నవ్వేవారు. వసుమతికి జ్వరం వచ్చిన వారం మాత్రం ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాను.

చెంగల్రాయుడు గారి ఆలోచన

మా ఎడిషన్ ఇన్‌చార్జి చెంగల్రాయుడు గారు పలమనేరు వైపు మనిషి. నోట్లో ఎప్పుడూ తమలపాకు. నా సమీక్షలు చదివి ఒకసారి ఆయన అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. “అబ్బా, నువ్వు రాసింది చదివితే నువ్వు తెలివైనోడివని బాగా తెలుస్తాది. పుస్తకం సంగతే తెలీలేదు.” అప్పుడు నొచ్చుకున్నాను. మీకెవరైనా అలాంటి బాసు దొరికితే వదులుకోవద్దు.

అయితే అదే మనిషి ఒకరోజు నా చార్టు ముందు నిలబడి, తమలపాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని, “ఏమప్పా, ఇది నీకొక్కడికే తెలుసునా?” అన్నారు.

“పాఠకులకు తెలిస్తే ఎందుకు చదువుతారండీ?” అన్నాను.

“అట్లయితే పోటీ పెడదాం. ముగింపు ఊహించినోళ్ళకు బహుమతి. నువ్వన్నట్టు వాళ్ళకు తెలీకుంటే ఒగరో ఇద్దరో కరెక్టుగా సెప్తారు. బాగుంటాది.”

పాత్రల అంగడి మునస్వామి శెట్టి గారు ప్రకటన కింద ఒక ప్రెషర్ కుక్కరు ఇస్తానన్నారు. అప్పట్లో కుక్కరంటే చిన్న సంగతి కాదు. ఇంట్లో కుక్కరు కూతపెడితే పక్క వీధివాళ్ళకు వినపడాలని కిటికీ తెరిచి ఉంచే కాలం. మొదటి పేజీలో కుక్కరు బొమ్మ వేసి ప్రకటించాం. కార్డు మీద నాలుగు మాటల్లో ముగింపు రాయాలి, ఇంటికి ఒక కార్డే.

పత్రికలవాళ్ళం తప్ప ఇంకెవరూ ఇలాంటి పొరపాటు చేయలేరు. మాకు వార్త అంటే ఎవరికీ తెలియనిది. అందుకని కథ కూడా అంతేననుకున్నాం.

గోనె సంచులు

కార్డులు రావడం మొదలైంది. ముందు కట్టలుగా వచ్చాయి, తర్వాత పోస్టుమాన్ గోనె సంచిలో వేసుకుని సైకిలు మీద తెచ్చాడు. నగరి, మదనపల్లె, శ్రీకాళహస్తి, ఏర్పేడు, పీలేరు. నా బల్ల కనపడకుండా పోయింది. ఆఫీసులో ప్రకటనలవాళ్ళు, ప్రూఫులు దిద్దేవాళ్ళు, ఆఖరికి అటెండరు కూడా కూర్చుని చదువుతున్నారు. ఎన్నికల ఫలితాలప్పుడు కూడా మా ఆఫీసులో అంత సందడి నేను చూడలేదు.

“పెండ్లి,” అని ఒకరు చదివేవారు.

“ఈడ కూడా పెండ్లే.”

“ఇదో, దీంట్లో పెండ్లి, మల్లా మేనత్తకు బుద్ధి రావడం.”

“ప్రభాకరం ఆమె చెప్పులు తానే తెచ్చిపెట్టి క్షమాపణ అడుగుతాడంట! ఇది పన్నెండుమంది రాసినారు సార్!”

నేను ఎర్ర పెన్సిలు కింద పెట్టేశాను. ఎందుకంటే చెప్పుల సంగతి నాకు కూడా తట్టలేదు. మొదటి వారంలో చెప్పులు తెమ్మన్నవాడు చివరి వారంలో చెప్పులు తేవాలని జిల్లా అంతా నిర్ణయించేసింది. చిత్తూరు వకీలు ఒకాయన తీర్పులాగా రాశారు, ‘వాది వసుమతికి అనుకూలముగా, ఖర్చులతో సహా’ అని. ఏర్పేడులో ఒక వీధి ఆడవాళ్ళంతా కలిసి ఒకే కార్డు మీద సంతకాలు పెట్టి, చోటు చాలక చిరునామా పక్కన కూడా ఇద్దరు వేలిముద్రలు వేశారు. అందరికీ తెలుసు! నా చార్టు నాకు ఒక్కడికే కాదు, ప్రతి ఇంట్లోనూ ఉంది. వాళ్ళు గోడకు అంటించుకోలేదు, అంతే.

ఒక కార్డు మాత్రం నేను జేబులో పెట్టుకున్నాను. మదనపల్లె నుంచి ఒకాయన రాశారు. ‘ముగింపు తెలుసును. దయచేసి మార్చవద్దు. మా అమ్మ మంచం మీద ఉన్నది. ఆదివారం ఆదివారం చదివి వినిపిస్తాను. మా ఇంట్లో ఏదీ అనుకున్నట్టు జరగడం లేదు. ఇదొక్కటైనా జరగనివ్వండి.’

సమీక్షకుడిగా నాకు దొరికిన మొదటి పాఠం ఆ కార్డు. ముందే తెలిసిన కథ చదివేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు. చాలామంది రోజంతా ఏమవుతుందో తెలియని బతుకు బతికి, ఒక గంటసేపు ఏమవుతుందో తెలిసిన చోట కూర్చోవాలనుకునేవాళ్ళు. దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

రైలు కింద హీరో

మునస్వామి శెట్టి గారు తల పట్టుకుని వచ్చారు. “అందురూ కరెక్టే అంటే ఎట్ల సార్? కుక్కరు ఒగటే గదా! లాటరీ ఏస్తే మా బామ్మర్దికి ఇచ్చుకున్నానంటారు. అంగడి పరువు పోతాది.”

చెంగల్రాయుడు గారు సంచులన్నీ వెతికించి వేరే ముగింపు ఉన్న కార్డు ఒకే ఒక్కటి పట్టుకున్నారు. రేణిగుంట నుంచి, రిటైరైన రైల్వే గార్డు ఒకాయన రాసింది. ప్రభాకరం ప్లాట్‌ఫారం మీద కాలుజారి రైలు కింద పడి చనిపోతాడట.

“ఈయనెవురో గట్టోడు,” అన్నారు చెంగల్రాయుడు గారు. “ఈయనకే ఇచ్చేద్దాం. ఆండాళమ్మ గారికి సెప్పు, హీరోని రైలు కిందికి తోసెయ్యమని.”

“సార్!”

“నువ్వేగదప్పా ఎప్పుడూ ఫార్ములా ఫార్ములా అని ఏడ్చేది? ఇరగ్గొట్టే దావ దొరికింది. కుదరదంటే ఆమెకు ఇదే ఆఖరు సీరియల్. మద్రాసు నుంచి ఒగాయన నవల రెడీగా ఉండాది.”

నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషమే కలిగింది. ఒక్కసారైనా ఆ బండి పట్టాలు తప్పితే చూడాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. ఆ ఉత్సాహంతోనే చంద్రగిరి బస్సెక్కాను.

ఆండాళమ్మ గారి ఇల్లు కోట గోడకు ఇవతల. ముందు గదిలో కిటికీ దగ్గర ఒక పాత బల్ల, దాని మీద కాగితాలు. వాళ్ళత్తగారు అలమేలమ్మ గారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నన్ను చూసి, “పేపరాయన వచ్చినాడు,” అని లోపలికి కేక పెట్టి, గింజలు తీస్తూనే చెవి ఇటు పెట్టారు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఆండాళమ్మ గారు కోప్పడలేదు. ఆ బల్ల మీద చేయి ఆనించి, గొంతు తగ్గించి మాట్లాడారు.

“ఈ బల్ల ఎవురిదో తెలుసునా సార్? ఊరగాయ జాడీలది. మొదట్లో నేను వంటింట్లో పీట మీద కాగితం పెట్టుకుని రాసేదాన్ని. సీరియల్ మొదలయినాక పక్కింటోళ్ళు, కోవెల్లో వాళ్ళు ‘తర్వాత ఏమవుతాది’ అని మా అత్తని అడగడం మొదలుపెట్టినారు. ఒకరోజు ఆమే జాడీలన్నీ అటకెక్కించేసింది. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. సీరియల్ ఆగితే జాడీలు మల్లా కిందికి దిగుతాయి.”

“అందుకే చెబుతున్నాను. ముగింపు మారిస్తే ఆగదు. పైగా కొత్తగా ఉంటుంది కదా?”

“ఎవురికి కొత్త?” అన్నారామె. “అలిపిరి దగ్గర మెట్లెక్కేవాళ్ళకి పైన ఎవురుండారో తెలీదా సార్? తెలిసే గదా ఎక్కేది. సగం దావలో నిలబెట్టి ‘పైన గుడి లేదు, పోండి’ అంటే అది కొత్తదనమా?”

నా దగ్గరున్న జవాబులన్నీ కాలేజీలో నేర్చుకున్నవి, అవేవీ ఆ గదిలో పనికి రాలేదు.

“గురువారం బస్సుకి కవరు పంపను. నేనే వస్తాను,” అన్నారు. “పెండ్లే రాస్తాను. ఏసుకుంటే ఏసుకోండి, లేకుంటే లేదు.”

అరుగు మీద గింజల చప్పుడు ఆగిపోయి ఉంది.

పుత్తూరు వదినా ఆడబిడ్డలు

గురువారం మధ్యాహ్నం ఆండాళమ్మ గారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చివరి భాగం చెంగల్రాయుడు గారి చేతిలో ఉంది. పెళ్ళి, మేనత్త కళ్ళనీళ్ళు, చెప్పులు, అన్నీ ఉన్నాయి. ఆయన చదువుతూ తల అడ్డంగా ఊపుతున్నారు. కంపోజింగ్ ఫోర్‌మన్ రాజమాణిక్యం తలుపు దగ్గర నిలబడి, ఏ కాగితం ఇస్తారా అని చూస్తున్నాడు. మద్రాసాయన నవల బల్ల మీద సిద్ధంగా ఉంది.

అప్పుడే వాకిట్లో కేక వినిపించింది. “సీరియల్ సూసే సారు యాడుండాడు?”

ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చేశారు. పెద్దామె చేతిలో వైరు బుట్ట, చిన్నామె ముఖంలో పట్టుదల. పుత్తూరులో బట్టల అంగడి ఉన్న ఇల్లట వాళ్ళది. పెద్దామె రుక్మిణమ్మ, చిన్నామె ఆమె ఆడబిడ్డ సరోజ.

“మా ఇంట్లో వారం నుంచి మాటల్లేవు సార్,” అంది రుక్మిణమ్మ, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంటూ. “మీ పేపరు వల్లే.”

“పేపరు వల్ల కాదు సార్, ఈమె వల్ల,” అంది సరోజ. “నేను రాసిన కార్డు పోస్టు చెయ్యకుండా బీరువా మీద దాచిపెట్టేసింది.”

“ఇంటికి ఒగ కార్డే అని మీరే గదా సార్ రాసినారు? నేను పెండ్లని రాసినాను. ఇదేమో ఏందో పిచ్చి రాత రాసింది. ఏది పంపేది నేను?”

చెంగల్రాయుడు గారికి సరదా పుట్టింది. “ఏం రాసినావమ్మా?”

సరోజ తడుముకోలేదు. “గొలుసు పొయ్యిందని సుబ్బుల్ని ఇంట్లోంచి తరిమేసినారు గదా సార్. మల్లా ఆ గొలుసు మేనత్త పెట్టెలో దొరికింది. దొరికినాక సుబ్బుల్ని ఎవురన్నా పిలిచినారా? అది రాసినాను.”

సుబ్బులు సీరియల్లో ఆ పెద్ద ఇంటి పని పిల్ల. వసుమతి ఉత్తరాలు దాచి అందించేది ఆ పిల్లే. ప్రభాకరం మేనత్త తనే గొలుసు దాచి దొంగతనం ఆమె మీద వేసింది. ఆ వారం నేను చార్టులో ‘అపార్థం’ గడికి టిక్కు పెట్టాను. గొలుసు దొరికిన వారం ‘మేనత్త కుట్ర’ గడికి ఇంకో టిక్కు పెట్టాను. ఆ పిల్ల ఏమైందో నాకు తట్టనేలేదు. రాతప్రతి చదివాను, ప్రూఫు చదివాను, అచ్చులో మళ్ళీ చదివాను. ఫార్ములా పాఠకుల కళ్ళు మూస్తుందని సమీక్షల్లో రాసేవాణ్ణి. మూసింది నా కళ్ళనే.

“పని పిల్ల గురించి ఏంటికే నీకు?” అంది రుక్మిణమ్మ. “ఆడ ముహూర్తం దగ్గరికొస్తా ఉంటే నడిమధ్యలో సుబ్బులంట!”

“పెండ్లి అవుతాది వదినా, అది అందరికీ తెలుసు. వద్దని ఎవురన్నారు? నాకూ పెండ్లి కావల్ల. వసుమతి మంచిదంటారు గదా. మంచిదైతే తాళి కట్టించుకునే ముందు ఆ పిల్ల ఇంటికి పోవల్ల గదా?”

“పోతాదిలే, రాసేవాళ్ళకి తెలీదా?”

“తెలిసుంటే ఈపాటికి పొయ్యుండేది.”

“మరిచిపోయినానమ్మా,” అన్నారు ఆండాళమ్మ గారు.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. “మీరెవురు?”

“రాసేది నేనే.”

రుక్మిణమ్మ చేతిలో బుట్ట కింద పడింది. అందులోంచి రెండు నిమ్మకాయలు దొర్లుకుంటూ పోయి రాజమాణిక్యం కాళ్ళ దగ్గర ఆగాయి. “అయ్యో, మీరా! ఇంత సన్నంగా ఉండారే! అన్నం తింటా ఉండారా లేదా?” అని, వెంటనే ఆడబిడ్డ వైపు తిరిగి, “సూడు, ఆమె ముందరే ఎట్ల మాట్లాడినావో!” అంది.

తడి ఆరని కాగితాలు

ఆండాళమ్మ గారు తెల్ల కాగితాలు అడిగారు. చెంగల్రాయుడు గారు గడియారం చూశారు, నన్ను చూశారు, రాజమాణిక్యాన్ని చూశారు. రాజమాణిక్యం నిమ్మకాయలు బల్ల మీద పెట్టి, “అమ్మా, అయింది అయినట్టు ఒక్కో కాయితం ఇచ్చేయండి. మేము కంపోజు చేసుకుంటా ఉంటాము,” అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి మధ్యాహ్నం నాకు మళ్ళీ రాలేదు. ఆమె రాస్తున్నారు, సిరా ఆరకముందే కాగితం నేను అందుకుంటున్నాను, చదివి అక్షరం సరిచూసి రాజమాణిక్యం చేతిలో పెడుతున్నాను, అతను పరుగున పోతున్నాడు. చెంగల్రాయుడు గారు ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నారు, తమలపాకు నమలడం మానేశారు. రుక్మిణమ్మ, సరోజ వెళ్ళమంటే వెళ్ళరు.

“వసుమతి ఒగతే పోతాదా? ఎట్ల పోతాది, పెండ్లికూతురు!” అని రుక్మిణమ్మ.

“ఒగతే పోవల్ల,” అని సరోజ.

“ఏడ్పించండమ్మా కొంచెం, సుబ్బుల్ని.”

“వద్దు. ఆ పిల్ల ఏంటికి ఏడ్వాల?”

ఆండాళమ్మ గారు తల ఎత్తలేదు గానీ పెదాల మీద నవ్వుంది. పెళ్ళిరోజు పొద్దున్నే వసుమతి మంగళస్నానం ఆపించి, సుబ్బులు గుడిసెకు నడిచిపోతుంది. సుబ్బులు వాకిట్లో కట్టెలు చీలుస్తూ ఉంటుంది. వసుమతి జరిగింది చెప్పి, క్షమించమని అడిగి, పెళ్ళికి రమ్మంటుంది, మళ్ళీ ఇంట్లో పనికి చేరమంటుంది. సుబ్బులు కట్టె పక్కన పెట్టి, చేతులు దులుపుకుంటుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆండాళమ్మ గారి కలం ఆగింది. నాకు ఆ క్షణంలో ఏమవుతుందో నిజంగా తెలియదు. నా చార్టులో ఆ గడి లేదు.

ఆమె ఒక్క వరుస రాసి కాగితం నా చేతికిచ్చారు. నేను పైకే చదివాను.

‘పెండ్లికొస్తాను. పనికి రాను.’

రాజమాణిక్యం కాగితం అందుకోవడం మరిచిపోయాడు. మొదట తేరుకున్నది రుక్మిణమ్మ.

“అట్లంటే ఎట్ల? మరి వసుమతికి ఇంట్లో పనెవురు చేస్తారు?”

“చేసుకుంటాది. చేతుల్లేవా?” అంది సరోజ.

“నువ్వు చేసుకుంటా ఉండావా ఇంట్లో?”

“నువ్వు చెయ్యనిస్తే గదా! గిన్నె తోమితే సరిగ్గా తోమలేదని మల్లా తోమతావు!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్కసారిగా నవ్వారు. వారం రోజుల తర్వాత వాళ్ళు కలిసి నవ్వడం అదే మొదటిసారి. చెంగల్రాయుడు గారు మద్రాసాయన నవలను తీసి తన సొరుగులో పెట్టేశారు. “శెట్టి గారికి సెప్పు, లాటరీ అంగడి మెట్ల మీద నలుగురి ముందర ఏద్దామని. పెండ్లి రాసినోళ్ళందురూ కరెక్టే,” అన్నారు.

కుక్కరు నగరి మనిషికి పోయింది. రేణిగుంట గార్డు గారు మాత్రం లాటరీ రోజున పనిగట్టుకుని వచ్చి, రైలే బాగుండేదని అంగడి ముందు చాలాసేపు వాదించారు.

ఆ తర్వాత నా పని

ఆ ఆదివారం తర్వాత వచ్చిన ఉత్తరాలు వేరు. పెళ్ళి గురించి ఎవరూ రాయలేదు. సుబ్బులు చేసింది సరా కాదా అని జిల్లా రెండుగా చీలింది. మదనపల్లె నుంచి కూడా ఒక కార్డు వచ్చింది, ‘అమ్మ రెండుసార్లు చదివించుకున్నది’ అని.

నేను చార్టు చింపలేదు. దాని కింద ఒక వరుస చేర్చాను, ‘గొలుసు దొరికాక ఎవరిని పిలిచారు?’ అని. ఇక ఏ పుస్తకం చేతికొచ్చినా, అది జనం ఎగబడి చదివే నవలైనా, పండితులు మెచ్చే కావ్యమైనా, ముందు అదే అడిగేవాణ్ణి. ఈ కథ సుఖంగా ముగియడానికి ఎవరిని గుమ్మం బయట వదిలేసింది? మీరు సమీక్షలు రాసేటప్పుడు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఫార్ములాను కనిపెట్టడం గొప్ప కాదు, ఏర్పేడు వీధి మొత్తం కనిపెట్టింది. ఫార్ములాను ప్రేమిస్తూనే దాన్ని ప్రశ్న అడగడం కష్టం. సరోజ చేసింది అదే. ఆమెకు పెళ్ళీ కావాలి, సుబ్బులుకు న్యాయమూ కావాలి. బయట నిలబడి నవ్వేవాడికి ఆ ప్రశ్న తట్టదు, ఎందుకంటే వాడికి ఆ ఇంట్లో ఎవరి మీదా మమకారం లేదు.

అలాగని ప్రతి ఫార్ములానూ ముద్దు చేయమని నేను చెప్పను. హీరో చెంప పగలగొడితే హీరోయిన్‌కు ప్రేమ పుట్టే నవలలు ఆ రోజుల్లో నా బల్ల మీదికి కుప్పలుగా వచ్చేవి. వాటిని నిర్దాక్షిణ్యంగా చీల్చాను, ఇప్పుడైనా చీలుస్తాను. హాయినిచ్చే కథ వేరు, దెబ్బకు అలవాటు చేసే కథ వేరు. ఆ తేడా పాఠకులకు తెలియదని మాత్రం అనుకోకండి. తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పడానికి కాచుకుని ఉంటారు. అడగడం మన పని. తర్వాత సమీక్ష కింద పాఠకుల మాటకు నేను కొంచెం చోటు ఉంచేవాణ్ణి. ఆ చోటు కోసం ప్రకటనలవాళ్ళతో ప్రతి వారం గొడవే. గొడవపడండి.

సీరియల్ అయిపోయాక, కొత్తది మొదలుపెట్టమని అడగడానికి చెంగల్రాయుడు గారు నన్నే చంద్రగిరి పంపారు. బస్సు దిగి నడుస్తున్నంతసేపూ ఆ బల్ల మీద జాడీలు దిగి ఉంటాయేమోనని గుబులు. రెండు వారాలుగా ఆ ఇంట్లో సీరియల్ లేదు మరి.

బల్ల ఖాళీగానే ఉంది. ఆండాళమ్మ గారు కుర్చీలో, అలమేలమ్మ గారు బల్లకు అవతల పీట వేసుకుని, చింతపండు చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే ముసలావిడ చాట పక్కకు జరిపారు.

“వచ్చినావా నాయనా. నువ్వన్నా అడుగు దీన్ని. ఆ పిల్ల పనికి రానంటే రానని పౌరుషంగా చెప్పేసింది. బాగుండాది. మరి ఏం జేసి బతుకుతాది? ఆ మాట రాయకుండా కాయితం మూసేస్తే అయిపొయ్యిందా?”

ఆండాళమ్మ గారు నావైపు చూసి నవ్వి, కాగితం ముందుకు లాక్కున్నారు.

“అదే రాస్తా ఉండాను అత్తా.”

“రాయి మరి,” అని అలమేలమ్మ గారు చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. “జాడీలకు వేరే చోటు ఉండాదిలే.”